పాత ఒప్పందాలు చదవడం నేర్చుకుందాం – 4వ పాఠం: ఎవరు ఎవరి ముందు మోకరిల్లారు?

పోయిన పాఠం చివర ఒక ప్రశ్న ఇచ్చాను, దాంతోనే మొదలుపెడదాం. 1247లో ఇంగ్లండ్ రాజు మూడో హెన్రీ దగ్గర వేల్స్‌లోని గ్వినెద్ రాజ్యాన్ని ఏలుతున్న అన్నదమ్ములు ఓవైన్, లవెలిన్ కుదుర్చుకున్న వుడ్‌స్టాక్ ఒప్పందంలో వాళ్ళు పోగొట్టుకున్న వాటిలో అన్నిటికంటే ఖరీదైనది ఏది? కొన్వి నదికీ డీ నదికీ మధ్య ఉన్న నాలుగు కంట్రెవ్‌లు అని మీరు రాసుకుని ఉంటే మీ తప్పేం లేదు, మొదటిసారి నేనూ అదే రాసుకున్నాను. (కంట్రెవ్ అంటే వేల్స్‌లో ఒక పరగణా లాంటిది అనుకోండి.) కానీ 1256 చివర్లో లవెలిన్ నది దాటి వెళ్ళి, రెండు కోటలు తప్ప ఆ నేలంతా వారం రోజుల్లో వెనక్కి లాక్కున్నాడు. వారంలో తిరిగొచ్చేది అంత ఖరీదైనది ఎలా అవుతుంది? అదే ఒప్పందంలో ఇంకో వాక్యం ఉంది: వేల్స్ ప్రభువులందరి విధేయత రాజుకే చెందుతుంది. ఆ ఒక్క వాక్యాన్ని కాగితం మీద తిరగరాయించుకోవడానికి లవెలిన్‌కి 20 ఏళ్ళు పట్టింది. ఇవాళ్టి పాఠం ఆ వాక్యం గురించే.

ముందు పేర్ల గొడవ తేల్చేద్దాం, లేకపోతే మధ్యలో తికమక పడతారు. ఈ కథలో ఇద్దరు లవెలిన్‌లు. తాత లవెలిన్ అప్ యోర్వెర్త్ 1240లో చనిపోయాడు. మనవడు లవెలిన్ అప్ గ్రిఫిద్ 1282లో. అప్ అంటే కొడుకు అని అర్థం, కాబట్టి ఇంటిపేరు కాదు, తండ్రి పేరు చూడాలి. ఇవాళ మనకు కావలసింది మనవడు. ఇక ఆ పేరు మొదట్లో వచ్చే శబ్దం మన 'ల' కాదు. నాలుకను 'ల' అనేటప్పుడు పెట్టినట్టే పెట్టి, గొంతు వాడకుండా పక్కలనుంచి గాలి ఊదితే వస్తుంది. తెలుగులో దానికి అక్షరం లేదు, 'ల' తో సరిపెట్టుకుందాం.

దేశం సంగతి రెండు ముక్కల్లో: 13వ శతాబ్దపు వేల్స్ ఒక రాజ్యం కాదు. వాయవ్యంలో కొండల నడుమ గ్వినెద్, మధ్యలో పొవిస్, దక్షిణాన దెహేబార్త్ ముక్కలుముక్కలుగా. వీటిని ఆనుకుని తూర్పునా దక్షిణానా ఇంగ్లండ్ నుంచి వచ్చిన ప్రభువులు గెలుచుకున్న నేల, దాన్ని మార్చ్ అంటారు. మార్చ్‌లో ఇంగ్లండ్ చట్టం నడవదు, వెల్ష్ చట్టమూ పూర్తిగా నడవదు, అక్కడ వాళ్ళ సొంత ఆనవాయితీ. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి, కొంప ముంచేది అదే.

సరే, విధేయత అంటే ఏమిటి. వాళ్ళ మాటలో హోమేజ్. సామంతుడు మోకాళ్ళ మీద కూర్చుని, మనం దండం పెట్టినట్టు చేతులు జోడించి, ఆ చేతుల్ని ప్రభువు చేతుల మధ్య పెట్టి 'నేను నీవాణ్ణి' అని ప్రమాణం చేస్తాడు. చూడ్డానికి ఒక తంతు, అంతే. మనం చిన్నప్పుడు చదివిన చరిత్ర పాఠాల్లో కప్పం అనే మాట ఉండేది కదా, దాన్నీ దీన్నీ కలిపేసుకోవడం సహజం, నేనూ చాలాకాలం కలిపేసుకున్నాను. కప్పం కట్టినవాడు సొమ్ము పంపి ఇంట్లో తన పని తను చూసుకోవచ్చు. హోమేజ్ చేసినవాడికి ఆ వీలు లేదు. ఆ క్షణం నుంచి అతని భూమి ప్రభువు దగ్గర పొందిన భూమి అవుతుంది, అతని తగాదాలు ప్రభువు కోర్టుకి వెళ్తాయి, ప్రభువు పిలిస్తే యుద్ధానికి పోవాలి, మాట తప్పాడని తేలిస్తే ప్రభువు ఆ భూమి లాగేసుకున్నా అది దొంగతనం కాదు, న్యాయం. అందుకే ఈ ఒప్పందాలను ఎవరికి ఎంత నేల వచ్చిందో చూసి చదివితే పప్పులో కాలేస్తాం. ఎవరి చేతులు ఎవరి చేతుల్లో ఉన్నాయో చూసి చదవాలి.

ఇప్పుడు ఒక కాగితం తీసుకుని నిలువుగా నాలుగు గడులు గీయండి. మొదటి దానికి 'పిలుపు' అని పేరు పెట్టండి, ఎవరిని ఏమని పిలిచారో అందులో రాస్తాం. రెండోది 'విధేయత', అందులో ఎవరిది ఎవరికి అని. మూడోది 'డబ్బు', ఎటు పోతోంది, ఎన్నాళ్ళలో. నాలుగోది 'తేలని మాట'. ఒప్పందం రాసినవాళ్ళు ఇద్దరికీ నచ్చేలా అస్పష్టంగా వదిలేసిన మాట ఏదో ఒకటి ఉంటుంది, దాన్ని పట్టుకుని ఈ గడిలో పడేయాలి. నాలుగో గడి నింపడమే అసలు పని, మిగతా మూడూ అలవాటైతే ఐదు నిమిషాల్లో అయిపోతాయి.

చెయ్యి తిరగడానికి ఒక చిన్నది. 1240 ఏప్రిల్‌లో తాత లవెలిన్ చనిపోయాడు, మే నెలలో కొడుకు దావిద్ గ్లాస్టర్ వెళ్ళి మూడో హెన్రీ ముందు మోకరిల్లాడు. హెన్రీ దావిద్‌కి స్వయానా మేనమామ, ఎందుకంటే దావిద్ తల్లి జోన్, హెన్రీ తండ్రి కింగ్ జాన్‌కి పెళ్ళి బయట పుట్టిన కూతురు. మేనమామ మురిపెంగానే చూసుకున్నాడు, దావిద్ తలమీద చిన్న కిరీటం కూడా ఉంది. కాగితంలో మాత్రం దావిద్‌ని ప్రిన్స్ అనలేదు, ఒకప్పటి ప్రిన్స్ లవెలిన్ కొడుకు అన్నారు, అంతే. వేల్స్ ప్రభువులందరి విధేయత రాజుకు. మొదటి గడి, రెండో గడి నిండిపోయాయి. కిరీటం సంగతి రాసుకోవడానికి మన కాగితంలో గడే లేదు, గమనించారా?

ఇక అసలైనది, 1267 సెప్టెంబరు 29, మాంట్‌గమరీ ఒప్పందం. ఇంగ్లండ్‌లో హెన్రీకీ, అతని మీద తిరగబడ్డ ప్రభువుల నాయకుడు సైమన్ డి మాంట్‌ఫోర్ట్‌కీ మధ్య అంతర్యుద్ధం జరిగి, 1265 ఆగస్టులో ఈవ్‌షమ్ దగ్గర సైమన్ చచ్చిపోయి, రాజు గెలిచినా జేబు ఖాళీ అయి అలసిపోయి ఉన్న సమయం. ఆ గొడవలో లవెలిన్ సైమన్ పక్షాన ఉన్నాడు, అయినా రాజు అతన్ని లొంగదీయగల స్థితిలో లేడు. పోప్ దూత ఓటోబువోనో మధ్యవర్తిగా కూర్చుని కుదిర్చాడు (తొమ్మిదేళ్ళకు ఇతనే పోప్ ఐదో ఏడ్రియన్ అయ్యాడు, నెల పైచిలుకు మాత్రమే ఉన్నాడు పాపం).

మొదటి గడి: ప్రిన్స్ ఆఫ్ వేల్స్, లవెలిన్‌కీ అతని వారసులకీ. లవెలిన్ ఈ పేరు 1258లోనే స్కాట్లండ్ ప్రభువులతో చేసుకున్న ఒడంబడికలో వాడేశాడు, ఇంగ్లండ్ రాజు ఒప్పుకోవడం మాత్రం ఇదే మొదలు. వెంటనే సంబరపడకండి. ఆ వాక్యంలో క్రియ చూడండి. రాజు గుర్తించాడు అని లేదు, లవెలిన్ గొప్పతనాన్ని పెంచాలని తన ఉదారత కొద్దీ రాజు 'ఇస్తున్నాడు' అని ఉంది. లవెలిన్ కత్తితో సంపాదించుకున్నదాన్ని రాజు దానంగా ఇచ్చినట్టు రాశారు. ఇచ్చినవాడు వెనక్కి తీసుకోగలడు కదా. ఈ సీరీస్‌లో మీరు ఇంకేం నేర్చుకోకపోయినా ఫర్లేదు, క్రియ కింద గీత గీయడం మాత్రం మర్చిపోవద్దు.

రెండో గడి: వేల్స్‌లోని వెల్ష్ ప్రభువులందరి విధేయత లవెలిన్‌కి, లవెలిన్ విధేయత రాజుకి. అంటే చిన్న ప్రభువులకూ రాజుకూ మధ్య నేరు దారి తెగిపోయింది, అందరూ లవెలిన్ గుమ్మం మీదుగానే వెళ్ళాలి. ఒక్కరు మినహా: దక్షిణాదివాడు మరెదిద్ అప్ రీస్. ఇతను అంతకుముందు లవెలిన్‌తో చేతులు కలిపి తర్వాత రాజు వైపు తిరిగినవాడు, ఇతని విధేయతను రాజు తన దగ్గరే ఉంచుకున్నాడు. మరి ఎప్పటికైనా దాన్ని లవెలిన్‌కి ఇస్తే? దానికీ ధర రాసిపెట్టారు, 5,000 మార్కులు. 1270లో రాజుకు డబ్బు అవసరమైంది, అమ్మేశాడు. ఒక మనిషి మోకాలికి ధర కట్టి అమ్ముకున్న కాగితం ఇంత సూటిగా ఇంకోటి నాకు కనబడలేదు.

మూడో గడి: మొత్తం 25,000 మార్కులు, లవెలిన్ నుంచి రాజుకు. మార్కు అనే నాణెం లేదు, అది లెక్కల్లో వాడే మాట, 13 షిల్లింగుల 4 పెన్నీలు, అంటే పౌండులో మూడింట రెండు వంతులు. మొదటి నెలలో 1,000, క్రిస్మస్‌కి 4,000, ఆ తర్వాత ఏడాదికి 3,000 చొప్పున. పెన్సిల్ తీయండి: మొదటి 5,000 పోగా మిగిలింది 20,000, ఏడాదికి 3,000 అంటే ఏడేళ్ళ వాయిదాలు. కొండలూ పశువులూ ఉన్న దేశానికి ఏటా 2,000 పౌండ్లు కట్టడం చిన్న సంగతి కాదు. ఆ భారం పడింది జనం మీద, లవెలిన్ మీద సొంత మనుషులకే విసుగు పుట్టడానికి ఇదొక కారణం. 1270ల మొదట్లో వాయిదాలు ఆగిపోయాయి. ఈఎంఐ కట్టడం మానేస్తే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా?

నాలుగో గడి దగ్గర కాసేపు ఆగండి. 'వేల్స్‌లోని వెల్ష్ ప్రభువులు' అన్నారు. ఎవరు వాళ్ళు? దక్షిణాన గ్లమోర్గన్ కొండల్లో సెంఘెనిద్ అనే చోట గ్రిఫిద్ అప్ రీస్ అనే వెల్ష్ ప్రభువు ఉండేవాడు. లవెలిన్ లెక్కలో అతను వెల్ష్ వాడు, కాబట్టి నా వాడు. గ్లమోర్గన్ మార్చ్ ప్రభువు గిల్బర్ట్ డి క్లేర్ లెక్కలో అది నా జాగీరు లోపలి నేల, దానికీ వేల్స్ ప్రభువులకూ సంబంధం లేదు. గిల్బర్ట్ ఒప్పందానికి కొన్ని నెలల ముందే ఆ గ్రిఫిద్‌ని పట్టి ఐర్లండ్ పంపించేశాడు, 1268లో అక్కడే కైర్ఫిలీ కోట కట్టడం మొదలుపెట్టాడు. 1270లో లవెలిన్ వెళ్ళి కట్టినంతవరకు తగలబెట్టాడు, గిల్బర్ట్ మళ్ళీ మొదలుపెట్టాడు. నీళ్ళ మధ్య ఇప్పటికీ నిలబడి ఉన్న ఆ బ్రహ్మాండమైన కోట ఫోటో ఎప్పుడైనా చూస్తే, అది ఒక వాక్యంలో తేలని మాట మీద కట్టిన కోట అని గుర్తు తెచ్చుకోండి.

ఇంకో వైపు కూడా తేలనిది ఉంది, లవెలిన్ తమ్ముడు దావిద్ (ఈ పేర్లు కూడా రెండేసి, ఏం చేస్తాం, ఇతను ముందు చెప్పిన దావిద్‌కి అన్న కొడుకు). 1263లో అన్నను వదిలి రాజు వైపు పోయాడు. ఇతనికి పాత భూములు తిరిగివ్వాలి, చాలలేదంటే వెల్ష్ పెద్దమనుషులు కూర్చుని ఇంకొంత తేల్చాలి అని రాశారు. ఎంత అనేది లేదు. అన్నదమ్ముల పంపకాల్లో 'తర్వాత చూద్దాం' అన్న మాట ఎక్కడికి దారి తీస్తుందో మనవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. 1274లో ఇదే దావిద్, పొవిస్ ప్రభువు గ్రిఫిద్ అప్ గ్వెన్‌విన్‌విన్‌తో కలిసి లవెలిన్‌ని చంపడానికి పన్నాగం పన్నాడు. బయటపడింది. ఇద్దరూ ఇంగ్లండ్ పారిపోయారు, కొత్త రాజు మొదటి ఎడ్వర్డ్ వాళ్ళకు నీడ ఇచ్చాడు.

ఇక్కడినుంచి 1277 దాకా చాలా చోట్ల చదివితే లవెలిన్ మొండివాడనీ ఐదుసార్లు పిలిచినా హోమేజ్ చేయడానికి రాలేదనీ ఉంటుంది. రెండో గడి అలవాటైన మీకు వేరేగా కనబడాలి. రాజుకు విధేయుణ్ణి కాదని అతను అనలేదు. సరిహద్దులో చేస్తాను, మాంట్‌గమరీలోనో ఆస్వెస్ట్రీలోనో చేస్తాను, నన్ను చంపబోయినవాళ్ళను మీరు ఇంట్లో పెట్టుకుని నన్ను లోపలికి రమ్మంటే ఎలా అన్నాడు. విధేయత తీసుకున్న ప్రభువుకు కూడా బాధ్యత ఉంది కదా అనేది అతని వాదన. ఎడ్వర్డ్ 1275లో చెస్టర్ దాకా వచ్చి ఎదురుచూశాడు, లవెలిన్ రాలేదు. అదే ఏడు లవెలిన్ తను ఎదురుగా లేకుండా ప్రతినిధి ద్వారా పెళ్ళాడిన ఎలినార్, సైమన్ డి మాంట్‌ఫోర్ట్ కూతురు, ఫ్రాన్స్ నుంచి ఓడలో వస్తుంటే ఎడ్వర్డ్ మనుషులు సముద్రంలోనే పట్టుకున్నారు. నా ఉద్దేశంలో లవెలిన్ వాదన సరైనదే, చేసిన పని మాత్రం తెలివైనది కాదు. హెన్రీ కాలంలో చెల్లిన బెట్టు ఎడ్వర్డ్ దగ్గర చెల్లదని అతనికి ఆలస్యంగా తెలిసింది.

1277 యుద్ధాన్ని ఒక్క ముక్కలో దాటేద్దాం: ఎడ్వర్డ్ సైన్యంలో 15,000 పైచిలుకు కాలిబంట్లు, వాళ్ళలో 9,000 మంది దాకా వెల్ష్ వాళ్ళే. గ్వినెద్‌లోని ఆంగ్లెసీ దీవిలో మనుషుల్ని దింపి పండిన పంట కోయించేశాడు. తిండి లేక లవెలిన్ దిగివచ్చాడు. నవంబరు 9న అబెర్‌కొన్వి ఒప్పందం. కొత్త కాగితం తీయండి.

మొదటి గడి: ప్రిన్స్ ఆఫ్ వేల్స్. అవును, బిరుదు తీసేయలేదు! ఇక్కడే చాలామంది ఎడ్వర్డ్ దయ చూపించాడని రాసేస్తారు. రెండో గడి నింపాక మాట్లాడదాం. వేల్స్ విధేయతలన్నీ రాజుకు, గ్వినెద్ కొండ ప్రాంతమైన స్నోడోనియా చుట్టుపక్కల ఉన్న ఐదుగురు చిన్న ప్రభువులవి తప్ప. ఆ ఐదుగురిని ఎందుకు వదిలారో ఒప్పందంలోనే రాశారు: కింద ప్రభువులే లేకపోతే ప్రిన్స్ అని పిలుచుకోవడానికి బాగుండదు కాబట్టి. అదీ లవెలిన్ బతికున్నన్నాళ్ళే, పోయాక ఆ ఐదూ రాజుకే. పది కుర్చీలున్న ఇంట్లో తొమ్మిది పట్టుకుపోయి, కూర్చోవడానికి ఒకటైనా ఉండాలి కదా అని వదిలినట్టుంది, అదీ అరువుకి. దీన్ని చదివిన ప్రతిసారీ ఆ రాయసకాడు నవ్వుకుంటూ రాశాడేమో అనిపిస్తుంది నాకు.

మూడో గడిలో ఒక తమాషా. జరిమానా 50,000 పౌండ్లు అని రాసి, రెండు రోజుల్లో మాఫీ చేసేశారు. ఆంగ్లెసీ దీవికి ఏటా 1,000 మార్కులు అని రాసి, దాన్నీ వదిలేశారు. వసూలు చేయనిది ఎందుకు రాశారు? ఇదీ క్రియ లాంటిదే. కట్టలేనంత అప్పు నెత్తిన పెట్టి మాఫీ చేస్తే, మాఫీ చేసినవాడు దాత అవుతాడు, అవతలివాడు నేరం ఒప్పుకున్నవాడు అవుతాడు. డబ్బు గడిలో సున్నా వచ్చినా దాన్ని ఖాళీగా వదలొద్దు, ఎంత రాసి ఎంత వదిలారో రెండూ రాయండి.

పైగా ప్రతి కంట్రెవ్ నుంచి ఏడాదికోసారి 20 మంది వచ్చి, మా ప్రిన్స్ ఒప్పందం మీరకుండా చూస్తామని ప్రమాణం చేయాలి. అంటే లవెలిన్ సొంత జనమే అతని మీద కాపలా. ఆ క్రిస్మస్‌కి లవెలిన్ వెస్ట్‌మిన్‌స్టర్ వెళ్ళి మోకరిల్లాడు. సరిహద్దు దగ్గర కాదు, రాజు ఇంట్లో.

ఇప్పుడు నాలుగో గడి, ఇవాళ్టి పాఠానికి గుండెకాయ. తగాదాలు వస్తే ఎలా తేల్చాలి అన్నదానికి ఒప్పందంలో చక్కగా రాశారు: మార్చ్‌లో పుట్టిన తగాదాలు మార్చ్ ఆనవాయితీ ప్రకారం, వేల్స్‌లో పుట్టినవి వేల్స్ చట్టం ప్రకారం. చదివితే ఎంత న్యాయంగా ఉందో! మరి ఏ ఊరు మార్చ్‌లోకి వస్తుంది, ఏ ఊరు వేల్స్‌లోకి వస్తుంది?

సెవర్న్ నది పుట్టేచోటికి దగ్గర్లో అర్‌విస్ట్లి అనే కంట్రెవ్ ఉంది. రాజకీయంగా పొవిస్‌తో ఉంటూ వచ్చింది, చర్చి లెక్కల్లో మాత్రం గ్వినెద్ లోని బాంగర్ బిషప్ కిందికి వస్తుంది. 1274 పన్నాగం తర్వాత లవెలిన్ దాన్ని గ్రిఫిద్ అప్ గ్వెన్‌విన్‌విన్ దగ్గర లాక్కున్నాడు, యుద్ధంలో ఓడాక అది మళ్ళీ గ్రిఫిద్ చేతికి పోయింది. లవెలిన్ రాజు కోర్టుకు వెళ్ళి, ఈ నేల వేల్స్‌లో ఉంది, వెల్ష్ చట్టం ప్రకారం తేల్చండి అన్నాడు. గ్రిఫిద్ అడ్డం తిరిగి నేను మార్చ్ ప్రభువును, మార్చ్ ఆనవాయితీ ప్రకారమే జవాబిస్తాను అన్నాడు. గమనించండి, అవతల ఉన్నవాడు ఇంగ్లీషువాడు కాదు, తరతరాల వెల్ష్ రాజవంశం వాడు. ఏ చట్టం అన్నది తేలితేనే కేసు మొదలవుతుంది, అది తేల్చాల్సింది ఎడ్వర్డ్, ఎడ్వర్డ్‌కి తొందర లేదు. 1278లో మొదలైన కేసు వాయిదాల మీద వాయిదాలు పడింది, మధ్యలో వెల్ష్ చట్టం అసలు ఎలా నడుస్తుందో విచారించమని ఒక కమిషన్ వేశారు, 1282లో యుద్ధం వచ్చేనాటికి కూడా తీర్పు లేదు. కోర్టు వాకిట్లో చెప్పులరిగేలా తిరిగినవాళ్ళెవరికైనా ఈ బాధ అర్థమవుతుంది. లవెలిన్‌కి అది ఒక కంట్రెవ్ కోసం పోరాటం మాత్రమే కాదు, అర్‌విస్ట్లిలో వెల్ష్ చట్టం నడవకపోతే అతను దేనికి ప్రిన్స్ అన్నది అసలు ప్రశ్న.

ఒక పక్క మాట. 1278 అక్టోబరు 13న వూస్టర్ కెథీడ్రల్‌లో లవెలిన్, ఎలినార్‌ల పెళ్ళి ఎడ్వర్డే ఖర్చు పెట్టి ఘనంగా చేయించాడు. ఆ పొద్దున పూజకు ముందు, రాజుకు ఇష్టం లేని మనుషుల్ని నా దేశంలో ఉండనివ్వను అని లవెలిన్ చేత ఇంకో పత్రం మీద ముద్ర వేయించుకున్నాడు. నాలుగేళ్ళ తర్వాత తన ఫిర్యాదుల జాబితాలో లవెలిన్ దీన్ని మర్చిపోకుండా రాయించాడు. పెళ్ళి పందిట్లో సంతకం పెట్టించుకోవడం కొత్తేమీ కాదన్నమాట.

ఇక మీ వంతు. 1282 మార్చిలో యుద్ధం మొదలుపెట్టింది లవెలిన్ కాదు, తమ్ముడు దావిద్. నవంబరులో కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్ పెకమ్ రాజీ కుదర్చడానికి వచ్చి లవెలిన్‌కి రహస్యంగా ఒక బేరం చెప్పాడు: స్నోడోనియా రాజుకు వదిలెయ్, ఇంగ్లండ్‌లో ఏటా 1,000 పౌండ్లు వచ్చే భూమీ దానికి తగ్గ హోదా ఇస్తారు. దావిద్‌కి వేరే బేరం, క్రూసేడ్‌కి వెళ్ళిపో, రాజు పిలిస్తే తప్ప రాకు. లవెలిన్ ఒప్పుకోలేదు. అతని మనుషులు పంపిన జవాబు ఇది: ప్రిన్స్ తన హక్కు వదులుకున్నా సరే, స్నోడోనియా జనం మాత్రం భాషా, ఆచారాలూ, చట్టాలూ తమకు బొత్తిగా తెలియని పరాయివాడికి విధేయత ఇవ్వరు. నెల తిరక్కముందే, డిసెంబరు 11న, కిల్‌మెరి దగ్గర లవెలిన్ చనిపోయాడు.

ఈ బేరానికీ జవాబుకీ కలిపి నాలుగు గడులు నింపండి. మొదటి గడి సులువు, అందులో లవెలిన్ ప్రిన్స్‌గా మిగులుతాడా లేదా చూడండి చాలు. మూడో దాంట్లో 1,000 పౌండ్లను 1267 వాయిదాతో పోల్చండి. రెండో గడి దగ్గర తొందరపడకండి. ఇంతవరకు మనం చదివిన ప్రతి ఒప్పందంలో విధేయత రాజూ ప్రిన్సూ చేతులు మార్చుకునే వస్తువు. ఈ జవాబులో అది ఎవరి చేతిలో ఉంది? జవాబు రాసి పక్కన పెట్టుకోండి. ఐదో పాఠంలో 1284 రడ్లన్ శాసనం చదువుతాం, అందులో ఒప్పుకోవడానికి రెండో పక్షమే లేదు, కాబట్టి గడులు కొంచెం మార్చి గీయాల్సి ఉంటుంది.